కామారెడ్డి నుంచి వచ్చిన ఏడుపు

ఈ సంగతి చెప్పడం మొదలుపెడితే నా గొంతు దానంతట అదే పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు "మెల్లగా చెప్పు, పక్కింటివాళ్లు కొట్లాట అనుకుంటారు" అంటారు. అనుకోనివ్వండి! ట్రైనింగులో నేను బట్టీపట్టిన పాఠం లేచి నిలబడి నా కళ్లముందే పనిచేసిన రోజు అది. ఇప్పుడు నర్సింగు చదువుతున్న పిల్లల కోసం, కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. పరీక్షలో దీనికి మార్కులు రావు. వార్డులో మాత్రం పనికొస్తుంది.

నేను ఎల్లారెడ్డిలో కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ట్రైనింగు రోజుల్లో మిగతా పాఠాలన్నీ నాకు నిద్ర తెప్పించేవి. నాడీ వ్యవస్థ పాఠం వచ్చిందంటే మాత్రం ముందు బెంచీలో కూర్చునేదాన్ని. వార్డుకు నేర్చుకోవడానికి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ కూర్చోబెట్టి పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు వేసి చెప్పేదాన్ని. వాళ్లు వెనక నవ్వుకునేవాళ్లని నాకు తెలుసు. కామారెడ్డిలో పసిపిల్లల వార్డు చూసే సిస్టరు నాతోపాటు ట్రైనింగు చేసినదే. ఆమె నాకు పెట్టిన పేరు 'నరాల పంతులమ్మ'. ఆ పేరు ఎల్లారెడ్డి దాకా పాకింది.

ఇప్పుడు మీరూ కూర్చోండి. మెదడు, వెన్నుపాము కలిసి కేంద్రం. అక్కడి నుంచి ఒంటినిండా అల్లుకుపోయే నరాలది రెండో భాగం. వాటిలో కొన్ని మన మాట వింటాయి, చెయ్యెత్తమంటే ఎత్తుతాయి. కొన్ని మనల్ని అడగనే అడగవు. గుండె, పేగులు, చెమట, అన్నీ వాటి చేతిలోనే. ఈ అడగని నరాల్లో ఇద్దరు తోటికోడళ్లు ఉన్నారు. ఒకామె పేరు సహానుభూత. ఆపదొచ్చింది, లే, ఉరుకు అంటుంది. రెండో ఆమె సహానుభూత పర. ఆపద పోయింది, కూర్చో, ఇంత తిను, పడుకో అంటుంది. ఇద్దరిదీ ఒకే వంటిల్లు. ఒకామె గరిటె పట్టుకుంటే రెండో ఆమె పక్కకు జరగాల్సిందే.

హార్మోన్ల తీరు వేరు. నరం ఫోను చేసినట్టు ఒక్క చోటికే కబురు పంపుతుంది. హార్మోను ఊళ్లో డప్పు కొట్టి చాటినట్టు రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతుంది. అందరికీ వినపడుతుంది, పని ఉన్నవాళ్లే లేస్తారు. ఈ రెండూ కలిసే చోటు మెదడు అడుగున ఉంది. దాని కింద బఠాణీ గింజంత పీయూష గ్రంథి వేలాడుతుంటుంది. ఫోను అక్కడ ఆగుతుంది, డప్పు అక్కడ మొదలవుతుంది. ఇంతకంటే పెద్ద పాఠం చెప్పను, భయపడకండి.

నేను చెప్పబోయే అమ్మాయిది పోచారం వైపు ఊరు. బీడీలు చుట్టే ఇల్లు. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. బీపీ పెరిగిపోయి మా దగ్గరికి వచ్చింది. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బాబును బయటికి తీయాల్సి వచ్చింది. బాబు చేతిలో పడితే బరువే తెలియలేదు. ఊపిరి కష్టంగా తీస్తుంటే అంబులెన్సులో కామారెడ్డికి పంపాం. తల్లి మత్తులోంచి తేరుకునేసరికి ఉయ్యాల ఖాళీ. ఆమెకు బీపీ ఇంకా దిగలేదు, కుట్లు పచ్చిగా ఉన్నాయి, కదిలించే వీలు లేదు. అలా తల్లి ఎల్లారెడ్డిలో, కొడుకు కామారెడ్డిలో ఉండిపోయారు.

రెండు రోజులు గడిచాక పొద్దున్నే కామారెడ్డి నుంచి మా సిస్టరు ఫోను చేసింది.

"ఏమే నరాల పంతులమ్మా, పిల్లగాని ఊపిరి మంచిగయింది. డాక్టర్ సారు గొట్టంతోని పాలు మొదలుపెడదామంటుండు. తల్లిపాలు ఎప్పుడు పంపుతవ్?"

"వస్తలేవే."

"వస్తలేవంటె ఏంది? నువ్వేం జేస్తున్నవ్ ఆడ, పాఠం చెప్తున్నవా? సాయంత్రందాక చూస్తమన్నడు సారు. లేకుంటె డబ్బా పాలే."

నెలలు నిండని పేగులకు డబ్బా పాలు పడకపోతే పేగు దెబ్బతిని ప్రాణం మీదికొస్తుందని మా ఇద్దరికీ తెలుసు. ఆమె అలాంటి పిల్లలను చాలామందిని చూసింది. అందుకే అంత గట్టిగా మాట్లాడింది.

నేను మంచం దగ్గరికి వెళ్లాను. అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రొమ్ములు చూస్తే రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి. మీరైతే అయ్యో అంటారు. నేను ఎగిరి గంతేశాను! అంటే పాలున్నాయి! పాలు తయారు చేయించే హార్మోను తన పని తాను చేసేసింది. పాలు బయటికి వదిలే హార్మోను ఆక్సిటోసిన్, అదే రావడం లేదు. దాన్ని విడుదల చేయాల్సింది మెదడు కింద ఉన్న ఆ బఠాణీ గింజ. బిడ్డ నోరు తగిలితే చర్మం నుంచి నరాల వెంట కబురు మెదడుకు పోతుంది, డప్పు మోగుతుంది. ఇక్కడ నోరు పెట్టడానికి బిడ్డ లేడు.

గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టాం. వెన్నుపూసకు రెండువైపులా రుద్దాం. చేత్తో ఎలా పిండాలో చూపించాను. ఆమె అత్త వెల్లుల్లి కారం కలిపిన అన్నం ముద్దలు చేసి నోటికి అందిస్తోంది. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు గట్టిపడిన మనిషి. కోడలి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ఎంత చేసినా గిన్నెలో చుక్క పడలేదు. అమ్మాయి చేతులు చల్లగా ఉన్నాయి. నాడి పరుగు పెడుతోంది. నోరు పిడచకట్టుకుపోయింది. 'ఉరుకు' అనే తోటికోడలు గరిటె పట్టుకుని కూర్చుందని నాకు అర్థమైంది. భయంలో పుట్టే అడ్రినలిన్ పాలను ఆపేస్తుంది. కానీ దేనికి భయం? బాబు బాగున్నాడని అందరం చెబుతూనే ఉన్నాం కదా!

డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది, చురుకైనది. రౌండుకు వచ్చి నేను చెప్పిందంతా వింది.

"సిస్టర్, తగలడం కుదరకపోతే వినిపిద్దామా? బిడ్డ ఏడుపు వింటే కూడా పాలు దిగుతాయి కదా" అంది.

నాకు ఒక పక్క సంతోషం, ఇంకో పక్క కడుపుమంట. ఇన్నేళ్లుగా క్యాలెండర్ల వెనక బొమ్మలు వేస్తున్నది నేను. చెవి నుంచి మెదడుకు పోయే నరం అందులో వేసిందీ నేనే. ఆ మాట ముందు ఆమె నోట్లోంచి వచ్చింది. సర్లే, సాయంత్రంలోగా పాలు కావాలి, గొప్పలు తర్వాత చూసుకోవచ్చు అనుకుని వెంటనే కామారెడ్డికి ఫోను కలిపాను.

"పిల్లగాని ఏడుపు రికార్డు చేసి పంపవే."

"ఏడ్వాలంటే ఏడుస్తడా నీ హీరో? పండి నిద్రవోతుండు."

"ఎట్లనో చేయి. నీకు దండం పెడత."

"ఇంకాసేపట్ల షుగర్ చూస్తందుకు మడమ గుచ్చేది ఉంది. అప్పుడు పంపుత, ఆగు."

ఏడుపు వచ్చింది. పిల్లిపిల్ల గొంతంత సన్నగా ఉంది, కానీ కోపం మాత్రం బోలెడు. నేను ఫోను సౌండు పూర్తిగా పెంచి అమ్మాయి తల దగ్గర పట్టుకున్నాను. డాక్టరమ్మ నిలబడింది, ట్రైనింగు పిల్లలు మంచం చుట్టూ మూగారు. అందరి చూపూ గిన్నె మీదే. ఏడుపు అయిపోయింది. మళ్లీ పెట్టాను. అమ్మాయి గోడవైపు చూస్తూనే ఉంది. చుక్క లేదు.

ట్రైనింగు పిల్లలు నా మొహం వైపు చూశారు. నా పరువు, ఆ పాత క్యాలెండర్లు, అన్నీ ఆ గిన్నెలాగే ఖాళీగా కనపడ్డాయి.

అప్పుడు పక్క మంచం మీద ఉన్న బాలింత కెవ్వుమంది. ఎల్లారెడ్డిలోనే గాజుల దుకాణం నడిపే ముస్లింల ఇంటి కోడలు. ఆమె బిడ్డ ఆమె పక్కనే హాయిగా నిద్రపోతోంది.

"యా అల్లా! సిస్టర్, నాకొచ్చినయ్! ఆ పోరడు ఆడ ఏడిస్తె నా నైటీ తడిసింది, చూడుండ్రి!"

వార్డు మొత్తం పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. అంటే పాఠం తప్పు కాదు! ఏడుపులో దమ్ముంది! పరాయి పిల్లవాడి ఏడుపుకే ఈమెలో డప్పు మోగితే కన్నతల్లిలో ఎందుకు మోగలేదు? అసలు కబురు లోపలికి పోతోందా? దారి ఎక్కడ మొదలవుతుంది? చెవి దగ్గర.

చెవి చూశాను. చెవి కనపడలేదు. తల చుట్టూ గడ్డం కింది నుంచి బిగించి కట్టిన గుడ్డ, దాని అంచు ఎత్తి చూస్తే రెండు చెవుల్లోనూ నిండా కుక్కిన దూది.

మీకు నవ్వొస్తుందేమో. మా ప్రాంతంలో బాలింతంటే చెవుల్లో దూది, తలకు గుడ్డ లేకుండా ఉండదు. గాలి దూరితే జన్మంతా తలనొప్పి అంటారు. మా అమ్మ నాకూ పెట్టింది. రోజూ చూసేది కాబట్టి మాకు కనపడదు. బాలింతతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచడం వార్డులో అందరికీ అలవాటైపోయింది. ఎందుకు పెంచుతున్నామో ఎవరూ ఆలోచించరు. అలా నేను, డాక్టరమ్మ, నా శిష్యురాళ్లు అందరం కలిసి దూదికి ఏడుపు వినిపించాం.

"అవ్వా, గుడ్డ విప్పు. దూది తీయాలె" అన్నాను.

అత్త లేచి కోడలి తలకు అడ్డంగా చేతులు పెట్టింది. "వద్దు సిస్టరమ్మా. పచ్చి బాలింత. గాలి పోతే తలకాయ గుంజుతది."

"పక్కామెకు పెట్టలే గదా? మంచిగనే ఉంది గదా?"

"వాళ్లది వేరే. దీనికి వద్దు." అని గొంతు తగ్గించి నన్ను పక్కకు లాగింది. "గాలికొక్కదానికే కాదు సిస్టరమ్మా. జర ఎక్కువనే పెట్టిన. నా కొడుకు గల్ఫ్ కెల్లి ఫోన్లు చేస్తుంటడు. పిల్లగానికి గొట్టాలేసిండ్రు, గట్లుంది, గిట్లుంది అని మేము మాట్లాడుకుంటం. అది వింటె తట్టుకుంటదా?"

ప్రేమతోనే చేసింది, పిచ్చి తల్లి. నేను ఆమె చేతులు మెల్లగా తప్పించి గుడ్డ ముడి విప్పాను. నూనెలో తడిపిన దూది. లాగుతుంటే వస్తూనే ఉంది. రెండు చెవులూ ఖాళీ చేసి ఏడుపు మళ్లీ పెట్టాను.

ఈసారి అమ్మాయి ఒళ్లంతా ఉలిక్కిపడింది. గోడవైపు నుంచి ఇటు తిరిగింది. నా ఫోను వైపు చూసి, "ఎవల పిల్లగాడు?" అంది.

"నీ కొడుకే బిడ్డా. కామారెడ్డిల ఉన్నడు. మంచిగున్నడు."

ఆమె నా మొహంలోకి చూసిన చూపు నేను మరిచిపోలేను. అందులో కోపం కూడా లేదు.

"నాకెరుకే సిస్టర్. పోయినసారి గూడ గిట్లనే అన్నరు."

అత్త మంచం అంచున కూలబడింది. అప్పుడు బయటపడింది సంగతి. ఆమెకు ఇది మొదటి కాన్పు కాదని కేసు షీటులో ఉంది గానీ, దాని వెనక కథ మాకెవరూ చెప్పలేదు. అంతకుముందు పాప పుట్టింది, వేరే చోట. ఆ పాపనూ పుట్టగానే కామారెడ్డికి తీసుకుపోయారు. పాప దారిలోనే పోయింది. బాలింత తట్టుకోలేదని ఆ మాట దాచి, లేచి తిరిగేదాకా రోజూ ఒకటే చెప్పారు: 'కామారెడ్డిల ఉంది, మంచిగుంది.' ఇంటికి పోయాక గానీ ఆమెకు నిజం తెలియలేదు.

"అప్పుడు చెప్తె సచ్చిపోతుంటివి బిడ్డా" అంది అత్త ఏడుస్తూ. "ఇప్పుడు నిజమే చెప్తున్న గదనే!"

"మాట అదే గద అత్తమ్మా" అంది అమ్మాయి.

చల్లబడిన చేతులు, పరుగెత్తే నాడి, ఎండిన నోరు. అన్నీ నాకు అప్పుడు తెలిసిపోయాయి. ఆమె బాబు కోసం ఎదురుచూడటం లేదు. లేడని చెప్పే రోజు కోసం ఎదురుచూస్తోంది. కొడుకు పోయాడని నమ్మిన తల్లికి పాలు ఎలా దిగుతాయి?

రికార్డు పనికిరాదు. కామారెడ్డికి వీడియో కాల్ చేశాను. "పిల్లగాన్ని చూపియ్యి. ఇప్పుడే. ఎందుకని అడగకు" అన్నాను. మా సిస్టరు నిజంగానే అడగలేదు. ఫోను బాబు దగ్గరికి తీసుకుపోయింది. నేను ఫోనును అమ్మాయి చేతికిచ్చాను.

బాబు నిద్రపోతున్నాడు. ముక్కుకు గొట్టం, తలకు టోపీ, కళ్లు మూసుకుని, కదలకుండా. అమ్మాయి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

"కదుల్తలేడు" అంది.

బతికున్నాడని చూపించబోయి ఇంకా పెద్ద గండం తెచ్చానా అనుకున్నాను. నోరు తెరిచేలోపే అటువైపున్న నా స్నేహితురాలికి అర్థమైపోయింది. నన్ను ఎన్నిసార్లు ఏడిపించినా ఆమె చేతులు బంగారం. "ఆగు బిడ్డా, చూడు" అంటూ బాబు కాలి దగ్గర చుట్టిన గుడ్డ విప్పింది. అరికాలి మీద మడమ నుంచి వేళ్ల దాకా గోటితో సన్నగా గీసింది. ఆ బుల్లి వేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి! కాలు టక్కున వెనక్కి లాక్కున్నాడు! పాఠంలో దాన్ని ప్రతిచర్య అంటారు. ఆలోచించి చేసేది కాదు, ఎవరూ నేర్పేది కాదు. నేను ఎన్నో వందల పాదాల మీద ఆ గీత గీసి ఉంటాను. ఎన్నడూ ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

బాబుకు మాత్రం కోపమొచ్చింది. నోరు తెరిచి ఏడుపు లంకించుకున్నాడు.

"ఓ నా అయ్యా... ఓ నా కొడుకా... ఏడ్వకు, నేనీడనే ఉన్న..." అమ్మాయి ఫోనును మొహానికి ఆనించుకుంది. అటువైపు ఏడుపు ఆగింది. బాబు తల కొంచెం కదిలింది. తొమ్మిది నెలలు నిండకపోయినా కడుపులో ఉన్నన్నాళ్లూ విన్న గొంతు అది. గుర్తుపట్టాడో, అలసిపోయి ఆగాడో నేను ప్రమాణం చేసి చెప్పలేను. అమ్మాయి మాత్రం వేరే అనుమానం పెట్టుకోలేదు.

"నా గొంతు విన్నడు అత్తమ్మా! ఆగిండు! చూసినవా, ఆగిండు!"

బాబు మళ్లీ అందుకున్నాడు. అప్పుడు చూడాలి! అమ్మాయి జాకెట్టు మీద రెండు మచ్చలు. చూస్తుండగానే రూపాయి బిళ్లలంత, అరచేయంత అయ్యాయి.

"గిన్నె! గిన్నె ఎక్కడ?" అని నేను అరిచిన అరుపు ఓపీ దాకా వినపడిందట. గిన్నె నా చేతిలోనే ఉంది. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి అమ్మాయి వీపుకు దిండు పెట్టింది. ట్రైనింగు పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. పక్క మంచం ఆమె "పిండు సిస్టర్, పిండు!" అని కబడ్డీ ఆట చూస్తున్నట్టు ఉత్సాహపరుస్తోంది. బిగుసుకున్న పాలు పసుపుపచ్చగా, చిక్కగా, ముందు చుక్కలుగా, తర్వాత ధారగా గిన్నెలో పడ్డాయి. చెవి నుంచి నరం, నరం నుంచి మెదడు, మెదడు నుంచి రక్తం, రక్తం నుంచి రొమ్ము. ఒక్క మెట్టు తప్పలేదు. 'ఉరుకు' అనే తోటికోడలు గరిటె కింద పెట్టేసింది. నేను మంచం చుట్టూ తిరుగుతూ ట్రైనింగు పిల్లలకు ఇదే చెబుతున్నాను. ఒక్కరూ వినలేదు. అందరూ గిన్నెనే చూస్తున్నారు. అంతకంటే మంచి పాఠం నేనూ ఎన్నడూ చెప్పలేదు.

అమ్మాయి మామ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మాట తక్కువ మనిషి. పాలను శుభ్రమైన సీసాలో పోసి, టీకాలు మోసే ఐసు డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చాను. "బాపూ, కామారెడ్డి. ఏడ ఆగొద్దు" అన్నాను. ఆయన డబ్బాను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, చెప్పులు కూడా మరిచి బస్టాండు వైపు ఉరికాడు. ఒక ట్రైనింగు అమ్మాయి చెప్పులు పట్టుకుని వెనక పరుగెత్తింది.

ఎండ ఇంకా పూర్తిగా దిగకముందే ఫోను వచ్చింది. "ముట్టినయే పాలు. గొట్టంల పోసిన. గుటుక్కున పోయినయ్. ఇంకా కావాలన్నట్టే పెదవులు ఆడిస్తుండు" అని మా సిస్టరు నవ్వింది. "ఈ పెద్దమనిషిని ఏడ పట్టినవే? డబ్బను సీట్ల కూసుండబెట్టి, ఆయన నిలబడి వచ్చిండట. కండక్టరు కూసోమన్నా కూసోలేదట."

ఆ తర్వాత మామ రోజూ అదే పని చేశాడు. కొన్నాళ్లకు అమ్మాయి బీపీ దిగి, తనే బస్సెక్కి కామారెడ్డికి పోయింది. బాబు ఆమె ఒళ్లోకి వచ్చాడు, తర్వాత ఇంటికీ వచ్చాడు. ఆ మురిపెం వేరే సంగతి. నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి రోజు సాయంత్రం గురించి.

డ్యూటీ దిగిపోయే ముందు వార్డులోకి మరోసారి వెళ్లాను. వాన పడేలా ఉంది. కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది. అమ్మాయి కడుపునిండా తిని, వెల్లకిలా పడుకుని ఉంది. ముట్టుకుంటే చేతులు వెచ్చగా ఉన్నాయి. అత్త ఆ గుడ్డ, కొత్త దూది చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. పెట్టాలా వద్దా తేల్చుకోలేక నావైపు చూసింది. అమ్మాయి చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"వద్దు అత్తమ్మా. మల్ల ఫోన్ చేస్తమన్నరు. వాడు ఏడుస్తె నాకు వినపడాలె."

అత్త కిటికీ వైపు చూసింది. కోడలి వైపు చూసింది. తర్వాత కిటికీ వైపున్న చెవిలో దూది మెల్లగా పెట్టింది. రెండో చెవి మీదికి గుడ్డ జారితే తన వేలితో వెనక్కి నెట్టింది.

"ఇది గాలికి" అంది. "అది పిల్లగానికి ఉండనీ."